ఓషధి – ఔషధం

పాఠ్యభాగ ఉద్దేశం

ప్రకృతిలోని మొక్క ఔషధంగా మారే క్రమాన్ని చైనా సంప్రదాయ వైద్యంలోని ఉదాహరణలతో వివరించడం, ప్రాచీన విజ్ఞానాన్ని గౌరవిస్తూనే పరీక్షించి స్వీకరించే వివేకాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠం

సంస్కృతంలో ఓషధి అంటే మొక్క. ఫలాలు పక్వం కాగానే ఎండి నశించే మొక్కకు అమరకోశం ఈ పేరు చెప్పింది. ఆ ఓషధి నుండి పుట్టినదే ఔషధం. వ్యాకరణరీత్యా ఓషధి శబ్దం ఔషధం కావడానికి ఒక ప్రత్యయం చాలు. కాని లోకంలో ఒక మొక్క నిజమైన మందుగా మారడానికి శతాబ్దాల అనుభవం, దానితోపాటు కఠినమైన పరీక్ష అవసరమవుతాయి. అనుభవం మాత్రమే ఉండి పరీక్ష లేకపోతే ఏమవుతుంది? పరీక్షించే శక్తి ఉండి కూడా ప్రాచీనుల అనుభవాన్ని తృణీకరిస్తే ఏం కోల్పోతాం? ఈ రెండు ప్రశ్నలకూ చైనా మూలికా వైద్యచరిత్ర స్పష్టమైన సమాధానాలు చెబుతున్నది.

ముందుగా మొక్కలలో ఔషధగుణం ఎందుకు ఉంటుందో తెలుసుకోవాలి. జంతువు ప్రమాదం ఎదురైతే పారిపోతుంది. మొక్క కదలలేదు. పురుగు కొరికినా, శిలీంధ్రం పట్టినా, పశువు మేయవచ్చినా ఉన్నచోటనే ఉండి తన్ను తాను రక్షించుకోవాలి. అందుకోసం అది తన దేహాన్నే ఒక రసాయనశాలగా మార్చుకున్నది. చేదు, వగరు, ఘాటు, సుగంధం అని మనం చెప్పుకొనే గుణాలలో అనేకం ఈ రక్షక రసాయనాల వల్ల కలిగేవే. వీటిని శాస్త్రజ్ఞులు ఆల్కలాయిడ్లు, టెర్పీన్లు, ఫ్లావనాయిడ్లు, గ్లైకోసైడ్లు అనే వర్గాలుగా విభజించారు. మొక్క వీటిని మన కోసం తయారుచేయలేదు. శత్రువును బాధించడానికి పుట్టిన పదార్థం తగిన మాత్రలో మన రోగాన్ని అణచవచ్చు; మాత్ర మించితే మననే హరించవచ్చు. మందు, విషం అనేవి చాలా సందర్భాలలో ఒకే పదార్థానికి గల రెండు ముఖాలు.

చైనా దేశీయులు ఈ సత్యాన్ని చాలా పూర్వమే గ్రహించారు. షెన్నోంగ్ అనే పురాణపురుషుడు వందలాది మూలికలను స్వయంగా రుచి చూసి వాటి గుణదోషాలను ప్రజలకు తెలియజెప్పాడని వారి ఐతిహ్యం. ఆయన పేరుతో సుమారు రెండు వేల సంవత్సరాల క్రితం సంకలితమైన మూలికాగ్రంథంలో 365 ఔషధద్రవ్యాలు ఉన్నాయి. వాటిని ఉత్తమ, మధ్యమ, అధమ శ్రేణులుగా విభజించారు. తీవ్రమైన రోగాలను పోగొట్టగలిగినా విషగుణం గల ద్రవ్యాలను మూడవ శ్రేణిలో చేర్చి, వాటిని దీర్ఘకాలం వాడరాదని హెచ్చరించారు. 16వ శతాబ్దంలో లీ షిజెన్ అనే వైద్యుడు సుమారు 27 సంవత్సరాలు శ్రమించి, 1892 ద్రవ్యాల వర్ణనతో ఒక మహాగ్రంథం రచించాడు. 1578లో పూర్తయిన ఆ గ్రంథం 1596లో ముద్రితమయింది. పూర్వగ్రంథాలలోని పొరపాట్లను సవరించడం కూడ లీ షిజెన్ తన కర్తవ్యంగా భావించాడు. సంప్రదాయమంటే విన్నదాన్ని వల్లెవేయడం కాదని, దిద్దుకుంటూ ముందుకు సాగడమని ఆయన జీవితం నిరూపించింది.

చైనా వైద్యులు సాధారణంగా పలు మూలికలను కలిపి మందు తయారుచేస్తారు. ఆ కూర్పును వారు ఒక రాజ్యంతో పోల్చారు. రోగంపై ముఖ్యంగా పనిచేసే మూలిక ప్రభువు. దానికి బలం చేకూర్చేది మంత్రి. దుష్ఫలితాలను అదుపు చేసేది సహాయకుడు. మందును తగిన స్థానానికి చేర్చేది దూత. ఇలా కూర్చిన మూలికలను నీటిలో మరిగించి కషాయం కాచడం వారి ప్రధాన పద్ధతి. ఈ మరిగించడం అనే విషయాన్ని విద్యార్థులు జ్ఞాపకం ఉంచుకోవాలి. మున్ముందు వచ్చే కథకు ఇదే కీలకం.

ఆధునిక రసాయనశాస్త్రం వికసించిన తరువాత ఈ మూలికలలోని సారభూత పదార్థాలను వేరుచేసే ప్రయత్నాలు ప్రారంభమయ్యాయి. ఉబ్బసానికి, దగ్గుకు చైనావారు వాడే మా హువాంగ్ అనే మొక్క నుండి 1885లో జపాన్ శాస్త్రవేత్త నాగాయి నాగయోషి ఎఫిడ్రిన్ అనే ఆల్కలాయిడ్‌ను వేరుచేశారు. 1924లో చెన్ కో కుయీ, కార్ల్ ష్మిట్ అనే శాస్త్రజ్ఞులు దాని ప్రభావం మన శరీరంలోని అడ్రినలిన్‌ను పోలి ఉంటుందని వెల్లడించారు. ముడుచుకొన్న వాయునాళాలను అది సడలిస్తుంది. ప్రాచీన వైద్యులకు తెలిసిన ఫలితానికి కారణం ఆ విధంగా బయటపడింది. హువాంగ్‌లియన్ అనే మరొక మూలిక వేరు పసుపు వన్నెలో ఉంటుంది. అది మిక్కిలి చేదు. చెప్పుకోలేని బాధను అనుభవించేవాణ్ణి హువాంగ్‌లియన్ తిన్న మూగవానితో పోల్చడం చైనావారి సామెత. అతిసారానికి వాడే ఆ వేరుకు రంగును, గుణాన్ని ఇచ్చేది బెర్బెరిన్ అనే పదార్థం. మన వైద్యులు వాడే మానుపసుపులో ఉన్నదీ అదే. వేరువేరు మొక్కలలో ఒకే పదార్థాన్ని ప్రకృతి సృష్టించగా, రెండు దేశాల వైద్యులు వేరువేరుగా దానిని కనుగొన్నారు.

అయితే చైనా మూలికలలో విశ్వవిఖ్యాతి పొందినది చింగ్‌హావ్. దాని చరిత్ర మలేరియాతో ముడిపడి ఉంది. చలితో వణికించి, జ్వరంతో దహించి, చెమటతో నీరసింపజేసే ఈ వ్యాధి అనాదిగా మానవజాతిని పీడిస్తున్నది. మన మన్యప్రాంతాల ప్రజలకు చలిజ్వరం చిరపరిచితమైన శత్రువు. మలేరియా రోగి రక్తాన్ని పీల్చిన దోమ ఉదరంలో ఆ వ్యాధిక్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న గుర్తించినది మన సికింద్రాబాదులోనే. ఆ పరిశోధనకు ఆయన 1902లో నోబెల్ బహుమతి అందుకొన్నారు. వ్యాధి వ్యాపించే మార్గం తెలిసింది. కాని దానిని నయంచేసే మందుల కోసం అన్వేషణ ఆగలేదు. దక్షిణ అమెరికాలోని సింకోనా చెట్టు బెరడు నుండి 1820లో వేరుచేసిన క్వినైన్, అనంతరం కృత్రిమంగా తయారైన క్లోరోక్విన్ కొంతకాలం లక్షలాది ప్రాణాలు కాపాడాయి. అయితే 1960 ప్రాంతానికి ఆగ్నేయాసియాలోని మలేరియా క్రిములు క్లోరోక్విన్‌ను తట్టుకొనే శక్తిని సంపాదించాయి. వియత్నాం యుద్ధంలో సైనికులు శత్రువుల తుపాకులతోపాటు దోమలకు కూడ బలి కాసాగారు. ఉత్తర వియత్నాం అభ్యర్థన మేరకు చైనా ప్రభుత్వం 1967 మే 23న ఒక రహస్య పరిశోధన ప్రణాళికను ప్రారంభించింది. 5వ నెల, 23వ తేదీ అన్న గుర్తుతో దానికి 523 ప్రణాళిక అని పేరు పెట్టారు.

1969 జనవరిలో ఈ ప్రణాళికలోని ఒక బృందానికి నాయకత్వం వహించవలసిందిగా తు యూయూ అనే మహిళను ఆదేశించారు. ఆమె 1930లో నింగ్బో నగరంలో జన్మించారు. చైనావారి ప్రాచీన గీతసంకలనంలో లేళ్ళ అరుపును వర్ణించే ఒక పాట నుండి తండ్రి ఆమెకు యూయూ అని పేరు పెట్టారు. అదే పాటలో మరొకచోట ఆ లేళ్ళు హావ్ అనే మొక్కను మేస్తాయి. చింగ్‌హావ్ ఆ జాతికి చెందినదే. పేరు పెట్టిన తండ్రికి ఈ సంబంధం తెలిసే అవకాశం లేదు. పదహారవ ఏట క్షయవ్యాధి సోకి రెండేళ్ళపాటు చదువు మానవలసి రావడంతో, వైద్యరంగంలోనే కృషి చేయాలని ఆమె సంకల్పించారు. బీజింగ్‌లో ఔషధశాస్త్రం అభ్యసించి 1955లో పట్టా పొందారు. డాక్టరేటు గాని, విదేశాలలో శిక్షణ గాని ఆమెకు లేవు.

తు యూయూ బృందం ప్రాచీన గ్రంథాలను శోధించింది; అనుభవజ్ఞులైన వైద్యులను కలిసింది; జానపదుల చిట్కాలను సైతం నమోదు చేసింది. రెండువేలకు పైగా యోగాలను సేకరించి, వాటిలో 640 యోగాలతో ఒక పుస్తకం సిద్ధం చేసింది. సుమారు 200 మూలికల నుండి తీసిన 380 సారాలను మలేరియా సోకిన ఎలుకలపై ప్రయోగించింది. వాటిలో చింగ్‌హావ్ సారం ఒక ప్రయోగంలో వ్యాధిక్రిములను 68 శాతం మేరకు నిరోధించింది. ఎంతో ఆశతో ప్రయోగాన్ని మళ్ళీ చేస్తే ఆ ప్రభావం 12 నుండి 40 శాతానికి పడిపోయింది. ఒకనాడు పనిచేసి మరొకనాడు పనిచేయని మందును ఎవరు నమ్ముతారు? మరొకరైతే ఆ మొక్కను విడిచిపెట్టేవారు. ఆమె మాత్రం తిరిగి గ్రంథాలను ఆశ్రయించారు.

4వ శతాబ్దానికి చెందిన గే హోంగ్ అనే పండితుడు అత్యవసర చికిత్సలను గురించి ఒక చిన్న గ్రంథం రచించాడు. అందులో చలిజ్వరానికి చింగ్‌హావ్‌ను వాడే విధానం ఉంది. గుప్పెడు ఆకును నీటిలో నానబెట్టి, పిండి, ఆ రసాన్ని తాగాలని దాని సారాంశం. ఎక్కడా మరిగించమని లేదు. ఈ సూచనలోని విశేషం మన వైద్యసంప్రదాయం తెలిసినవారికి సులభంగా బోధపడుతుంది. ఆయుర్వేదం మూలికల నుండి సారం గ్రహించడానికి అయిదు విధానాలు చెప్పింది. పచ్చి ఆకును దంచి పిండినది స్వరసం. ముద్దగా నూరినది కల్కం. నీటిలో మరిగించినది క్వాథం. చల్లని నీటిలో నానబెట్టినది హిమం. వేడినీటిలో కొద్దిసేపు ఉంచినది ఫాంటం. ఒకే ఆకు విధానాన్ని బట్టి వేరువేరు గుణాలు చూపుతుందని మన పూర్వులకూ తెలుసు. గే హోంగ్ చెప్పినది క్వాథం కాదు. హిమానికి, స్వరసానికి దగ్గరగా ఉండే పద్ధతి. అధికమైన వేడికి ఆకులోని గుణం నశిస్తున్నదేమో అని తు యూయూకు స్ఫురించింది.

నీటికి బదులుగా సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వద్దనే మరిగే ఈథర్‌ను ఆమె ఉపయోగించారు. సారంలోని ఆమ్లభాగాన్ని తొలగించి తటస్థభాగాన్ని మాత్రం గ్రహించారు. 1971 అక్టోబరు 4న పరీక్షించిన 191వ నమూనా ఎలుకలలోని మలేరియా క్రిములను నూటికి నూరుపాళ్ళు నిరోధించింది. అనంతరం కోతులలోను అదే ఫలితం వచ్చింది. సాంస్కృతిక విప్లవం పేరిట దేశం అల్లకల్లోలంగా ఉన్న రోజులవి. ప్రయోగశాలలలో తగిన పరికరాలు లేవు. ఇళ్ళలో నీటికి వాడే తొట్లలో ఈథర్ పోసి సారం తీయవలసి వచ్చింది. గాలి సరిగా ఆడని గదులలో పనిచేసిన సిబ్బంది ఆరోగ్యాలు దెబ్బతిన్నాయి. మలేరియా తీవ్రంగా ఉండే హైనాన్ ద్వీపానికి వెళ్ళవలసి వచ్చినప్పుడు తు యూయూ తన పసిబిడ్డలను ఇతరుల సంరక్షణలో విడిచి వెళ్ళారు.

అయినా ఒక సందేహం మిగిలింది. జంతువులకు మేలుచేసినది మనుషులకు హాని చేయదని నిశ్చయమేమిటి? విషపరీక్షలలో ఫలితాలు స్పష్టంగా తేలలేదు. అవి తేలేదాకా వేచి ఉంటే మలేరియా ప్రబలే ఋతువు దాటి, మరొక సంవత్సరం వృథా అవుతుంది. ఆ స్థితిలో 1972 జులైలో తు యూయూ, ఇద్దరు సహోద్యోగులు ఆ మందును ముందుగా తామే సేవించారు. ప్రాణాపాయం లేదని నిర్ధారించుకొన్న తరువాతనే హైనాన్‌లో 21 మంది రోగులకు ఇచ్చారు. వారి జ్వరం తగ్గింది. రక్తంలోని క్రిములు అంతరించాయి. అదే సంవత్సరం చివర ఆ బృందం సారభూత పదార్థాన్ని స్ఫటికరూపంలో వేరుచేసింది. యునాన్, షాన్‌డాంగ్ రాష్ట్రాల శాస్త్రజ్ఞులు కూడ ఈ కృషిలో ముఖ్యపాత్ర వహించారు. ఆ పదార్థమే నేడు లోకం ఆర్టెమిసినిన్ అని పిలిచే మహౌషధం. తొలిగా మాత్రలతో జరిపిన చికిత్స ఆశించిన ఫలితం ఇవ్వకపోతే, లోపం మందులో కాక మాత్ర సరిగా కరగకపోవడంలో ఉందని పరిశీలించి తెలుసుకొన్నారు. గొట్టాలలో నింపి ఇస్తే అదే మందు పనిచేసింది.

ఆర్టెమిసినిన్ అణువులో 15 కర్బన, 22 హైడ్రోజన్, 5 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. రెండు ఆక్సిజన్ పరమాణువులు కలిసి ఏర్పడిన పెరాక్సైడ్ వంతెన దాని ప్రాణం. మలేరియా క్రిమి మన ఎర్ర రక్తకణంలో ప్రవేశించి హిమోగ్లోబిన్‌ను ఆరగిస్తుంది. అప్పుడు అందులోని ఇనుము బయటపడుతుంది. ఆ ఇనుము తగలగానే ఆక్సిజన్ వంతెన తెగి, అతి చురుకైన రసాయన ఖండాలు ఏర్పడి క్రిమి దేహంలోని ప్రోటీన్లను ధ్వంసం చేస్తాయి. క్రిమి తిన్న తిండే దానికి మృత్యువవుతుంది. ఇంతటి నిర్మాణాన్ని ఆ మొక్క తన ఆకులపై ఉండే సూక్ష్మమైన నూగుగ్రంథులలో తయారుచేసుకొంటుంది.

ఈ మొక్క శాస్త్రీయనామం ఆర్టెమిసియా అన్యువా. అన్యువా అంటే ఒక సంవత్సరం మాత్రమే జీవించేది అని అర్థం. అమరకోశం చెప్పిన ఓషధి లక్షణం దీనికి చక్కగా సరిపోతుంది. వినాయక చవితినాడు మనం పూజించే ఇరవయ్యొక్క పత్రాలలో మొదటిదైన మాచిపత్రి, మాలలలో కూర్చే దవనం ఈ మొక్కకు దగ్గరి చుట్టాలు. మూడూ ఆర్టెమిసియా ప్రజాతికి చెందినవే. అయినా మలేరియాను తగ్గించగల పరిమాణంలో ఆర్టెమిసినిన్ ఉన్నది చైనా మొక్కలోనే. ఆ మొక్కలో సైతం అది ఆకులలో ఎక్కువగా, కాండంలో చాలా తక్కువగా ఉంటుంది. పంట కోసిన కాలాన్ని, పెరిగిన నేలను బట్టి దాని పరిమాణం మారుతుంది. అందువల్లనే ఈ ఆకులతో తేనీరు కాచి మలేరియాకు మందుగా వాడరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. బంధుత్వం గుణాన్ని హామీ ఇవ్వదు.

ఇంతవరకు పరీక్ష వల్ల కలిగిన మేలు చూశాం. పరీక్ష లోపిస్తే కలిగే కీడును కూడ చూడాలి. 1990, 1992 సంవత్సరాల మధ్య బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో స్థూలకాయం తగ్గడానికి కొందరు మహిళలకు చైనా మూలికలు కలిపిన మందు ఇచ్చారు. వారి మూత్రపిండాలు త్వరితంగా చెడిపోయాయి. బాధితుల సంఖ్య నూరు దాటింది. పలువురికి మూత్రపిండాలు మార్చవలసి వచ్చింది. కొందరికి అనంతరకాలంలో మూత్రనాళాల క్యాన్సర్ సోకింది. విచారిస్తే తేలిన కారణం ఒక పేరు. ఫాంగ్జీ అనే పేరు చైనాలో రెండు వేరువేరు మొక్కలకు ఉంది. వాడవలసిన దానికి బదులుగా అరిస్టోలోకియా ప్రజాతికి చెందిన మొక్క మందులో చేరింది. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను నాశనం చేస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దానిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల పట్టికలో చేర్చింది. మన పల్లెలలో పాముకాటుకు విరుగుడుగా చెప్పుకొనే ఈశ్వరి తీగ కూడ ఆ ప్రజాతికి చెందినదే. అందులోనూ ఆ ఆమ్లం ఉంది. ఒక మొక్కను ఎన్ని తరాలుగా వాడుతున్నామన్నది దాని నిర్దోషత్వానికి సాక్ష్యం కాదు. తిన్ననాడే చంపే విషాన్ని పూర్వులు గుర్తించగలిగారు. పదేళ్ళ తరువాత చంపే విషాన్ని కంటితో గుర్తించడం ఎవరికీ సాధ్యం కాదు.

మా హువాంగ్ విషయంలో జరిగినది మరొక రకమైన పొరపాటు. ఉబ్బసానికి వైద్యుని పర్యవేక్షణలో వాడవలసిన ఆ మూలికను అమెరికాలో బరువు తగ్గడానికి, క్రీడలలో ఉత్సాహం పెరగడానికి విచ్చలవిడిగా అమ్మారు. రక్తపోటు పెరిగి, గుండె లయ తప్పి కొందరు మరణించారు. 2004లో అక్కడి ప్రభుత్వం అటువంటి ఉత్పత్తులను నిషేధించింది. మొక్క మారలేదు; వాడిన ప్రయోజనం, మాత్ర మారాయి.

ఆర్టెమిసినిన్‌కు కూడ ఈ నియమం వర్తిస్తుంది. దానిని ఏకైక ఔషధంగా వాడితే క్రిములు క్రమంగా దానిని తట్టుకోవడం నేర్చుకొంటాయి. అందుచేత మరొక మందుతో కలిపి మాత్రమే వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించింది. అయినా కంబోడియాలో, తరువాత ఆఫ్రికాలోని కొన్ని దేశాలలో దానిని పాక్షికంగా తట్టుకొనే క్రిములు కనిపించాయి. 2023లో కూడ మలేరియా ప్రపంచంలో సుమారు 6 లక్షల మందిని బలిగొన్నది. వారిలో అధికసంఖ్యాకులు ఆఫ్రికా ఖండంలోని అయిదేళ్ళలోపు పిల్లలు. ఒకప్పుడు ఏటా సుమారు 3 కోట్లమంది మలేరియా బారిన పడిన చైనా మాత్రం 2021లో ఆ వ్యాధి లేని దేశంగా గుర్తింపు పొందింది.

2015లో తు యూయూ నోబెల్ బహుమతి స్వీకరించారు. ఆ గౌరవం ప్రాచీన గ్రంథానికి దక్కిందా, ఆధునిక ప్రయోగశాలకు దక్కిందా అని అడిగితే, రెండింటినీ కలిపిన వివేకానికి దక్కిందని చెప్పవలసి ఉంటుంది. గే హోంగ్ వాక్యం లేకపోతే ఆమెకు దారి తెలిసేది కాదు. ప్రయోగశాల లేకపోతే ఆ వాక్యం గ్రంథంలోనే మిగిలిపోయేది. ఆమె సేకరించిన రెండువేల యోగాలలో మలేరియాకు మహౌషధమై లోకానికి అందినది ఒక్కటే. మిగిలినవాటిని వ్రాసినవారు కూడ పూజ్యులే, ప్రాచీనులే.

మన తాళపత్రాలలోను, గ్రామవైద్యుల జ్ఞాపకాలలోను ఇటువంటి వాక్యాలు ఎన్ని దాగి ఉన్నాయో! వాటిని చదవడానికి భాషాజ్ఞానం కావాలి. పరీక్షించడానికి శాస్త్రజ్ఞానం కావాలి. పెద్దలు చెప్పినదని గుడ్డిగా మింగకుండా, పాతదని పారవేయకుండా, అడిగి, పరీక్షించి స్వీకరించే విద్యార్థి చేతిలోనే ఓషధి ఔషధమవుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

ఐతిహ్యం – పరంపరగా చెప్పుకొనే కథ
తృణీకరించు – గడ్డిపోచవలె తక్కువగా చూచు
యోగం – మందు కూర్పు
మాత్ర – పరిమాణం, మందుబిళ్ళ
ప్రజాతి – దగ్గరి పోలికలు గల మొక్కల సముదాయం
నిర్దోషత్వం – దోషం లేకపోవడం

ప్రశ్నలు

1. మొక్కలలో ఔషధగుణాలు ఏర్పడడానికి కారణాలను వివరించండి.
2. గే హోంగ్ సూచన తు యూయూ పరిశోధనకు ఏ విధంగా తోడ్పడింది? ఆయుర్వేదంలోని సారగ్రహణ విధానాలతో పోల్చి వ్రాయండి.
3. ఫాంగ్జీ ఉదంతం ద్వారా మనం గ్రహించవలసిన విషయమేమిటి?
4. 'బంధుత్వం గుణాన్ని హామీ ఇవ్వదు' – సందర్భం తెలిపి వివరించండి.
5. క్రింది పదాలను విడదీసి సంధుల పేర్లు తెల్పండి: ప్రాణాపాయం, సహోద్యోగులు, మహౌషధం, అత్యవసరం.
6. మీ ఇంటిలో వాడే ఒక మూలికను గూర్చి పెద్దలను అడిగి తెలుసుకొని, అందులో పరీక్షించవలసిన అంశాలేవో పది వాక్యాలలో వ్రాయండి.